ఎదురుకాళ్ళ కోడలు

ఆటో వచ్చి గల్లీ మొదట్లో నిలబడి హారన్ కొట్టింది. అంబదాస్ మంచం దిగలేదు.

దిగలేక కాదు, దిగనని. ఆ తేడా ఎక్కడ ఎవరికీ తెలియకుండా పోతుందోనని ఆయనే గట్టిగా చెప్పాడు. కుడికాలు మంచం మీద చాపి ఉంది. చీలమండ నుంచి వేళ్ళ దాకా వాచి, ఎర్రబడి, చర్మం బిగిసి మెరుస్తోంది. పాదం నడుమ ఉండాల్సిన వంపు లేదు. అరికాలు పీటలాగా చదునైపోయి, లోపలి పక్కకు ఒక బుడిపె పొడుచుకొచ్చింది. నిన్న సాయంత్రం డాక్టరమ్మ ముందు తల ఊపి, ఆదివారమైనా సరే పొద్దున్నే వచ్చి సిమెంటు పట్టీ వేయించుకుంటానని ఒప్పుకొని వచ్చిన పెద్దమనిషి, ఏ దేవుడు కలలోకి వచ్చి ఏం చెప్పాడో గాని, తెల్లారేసరికి మాట మార్చేశాడు.

“పట్టీ లేదు, గిట్టీ లేదు. నొప్పి ఉన్నోడు పోతడు దవాఖానకు. నాకు నొప్పి ఏడున్నది?”

నిజమే, నొప్పి లేదు. ఈ ఇంట్లో కొన్ని వారాలుగా జరుగుతున్న రచ్చకంతా ఆ లేని నొప్పే కారణం. అదే ఉంటే ఆయనా పదిమందిలాగే కుంటుతూ మూలుగుతూ పోయి చూపించుకునేవాడు. లేదు గనక ఇంట్లో మిగిలినవాళ్ళందరికీ తెప్పిస్తున్నాడు.

కొడుకు ఉమాకాంత్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకొని నిలబడ్డాడు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. సూరత్‌లోనే పుట్టి పెరిగి, బట్టల మార్కెట్లో చీరలు చూపించే పనిచేసే ఈ అబ్బాయికి తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చు. మూడింటిలో దేంట్లోనూ తండ్రికి ఎదురు చెప్పడం రాదు. “పప్పా, ఆటో ఖడా ఉన్నది” అని మాత్రం అన్నాడు. ఉండనీ, దానికేమన్నా కాళ్ళు నొస్తయా అన్నాడు తండ్రి. ఉమాకాంత్ బయటికి పోయి, జర ఆగమని ఆటోవాణ్ణి బతిమాలుకొని వచ్చి, మళ్ళీ అదే గుమ్మంలో అలాగే నిలబడ్డాడు.

అంబదాస్ పాండేసరాలో సాంచాలు బిగించే మాస్టర్. మరమగ్గాల షెడ్డులో ఇవతలి చివర నిలబడి, అవతలి చివర ఏ సాంచకు ఏ బోల్టు వదులైందో చప్పుడు విని చెప్పేవాడని బమ్రోలి పేటంతా చెప్పుకుంటారు. ఎవరూ చెప్పుకోకపోతే తనే చెబుతాడు. అలాంటి చెవులున్న మనిషి, పోయిన ఆదివారం తన పాదంలో పటుక్కుమన్న చప్పుడు విని, నరం కూడిందని సంతోషించాడు.

షుగర్ ఉందని ఎప్పుడో చెప్పారు. ఆయన నమ్మలేదు. అది గద్దె మీద కూచొని తినే సేట్లకొచ్చే రోగమట, నిలబడి బతికినవాడి దగ్గరికి రాదట. గోలీలు మనసైనప్పుడు వేసుకున్నాడు, మనసు కానప్పుడు మానేశాడు. కరోనా వచ్చాక దవాఖాన వైపు తొంగి చూడటమే పాపమైంది. ఎవరో చెప్పిన కషాయం పొద్దూ మాపూ తాగి, దెబ్బకు కరోనా పారిపోయిందని, దాని వెంట షుగర్ కూడా పారిపోయిందని గల్లీలో ప్రకటించాడు. అరికాళ్ళలో మొద్దుబారినట్టు ఉందని అప్పుడే ఒకసారి భార్యతో అన్నాడు. ఎల్లవ్వ వేపనూనె రాసింది. ఇద్దరూ దాన్ని మరచిపోయారు.

ఇక ఈ ఏడు, రెండోసారి కరోనా పెద్ద గాలిదుమారంలా వచ్చి పోయాక, కులపోళ్ళ సమాజం హాలులో ఆదివారాలు టీకాల క్యాంపు పెట్టారు. గేటు దగ్గర నొసటికి పెట్టి జ్వరం చూసే మిషన్ ఎవరికి ఇవ్వాలనే మాట వచ్చింది. అంబదాస్ చెయ్యి చాపి తీసుకున్నాడు. ఇంకెవరూ అడగలేదు, అది వేరే సంగతి. అప్పటి నుంచి ఆయన నడకే మారిపోయింది. బూట్లు వేసుకొని, మెడలో కార్డు వేలాడేసుకొని, గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నొసటికీ గురిపెట్టేవాడు. ఎండలో నడిచివచ్చిన, సమాజం పనుల్లో తనకు పోటీ అయిన రాజలింగానికి రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తే, నీడలో కూచొని మళ్ళీ చూపించుకుంటానని అతను ఎంత చెప్పినా వినకుండా, అందరి ముందూ ఇంటికి తరిమాడు. జరమున్నోడు సమాజంలకు రావద్దని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆ ఉపన్యాసం ఇస్తున్నప్పుడు ఆయన బూటులో కుడిపాదం కాలుతూనే ఉంది.

ఇవాళ కూడా ఆదివారమే. క్యాంపు ఉంది. సిమెంటు పట్టీకి ఒప్పుకొన్న మనిషి ఎందుకు మాట మార్చాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాలికి కట్టు కట్టుకొని మంచంలో పడుకుంటే, మిషన్ రాజలింగం చేతికి పోతుంది.

నిన్న డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి విడమరచి చెప్పింది. ఆమె హిందీలో చెబుతుంటే ఉమాకాంత్ తెలుగులో చెబుతూ పోయాడు. షుగర్ ఏళ్ళ తరబడి ముదిరి పాదంలో నరాలు మొద్దుబారిపోయాయంది. దెబ్బ తగిలితే తగిలిందని చెప్పేవి ఆ నరాలే గనక, లోపల చిన్న ఎముక చిట్లినా ఈయనకు తెలియలేదంది. తెలియక దాని మీదే నడిచాడు, నిలబడ్డాడు. చిట్లింది కాస్తా విరిగింది, కీళ్ళు జారాయి, పాదం మధ్య భాగం కూలి కింద కూచుంది. ఎర్రదనం, వాపు, వేడి అన్నీ అందుకేనంది. ఇప్పుడు పట్టీ వేసుకొని, కొన్ని నెలల పాటు ఆ కాలు నేలకు ఆనించకుండా ఉంటే ఉన్న ఎముకలు ఉన్నట్టుగా అతుక్కుంటాయి. నడిస్తే బుడిపె దగ్గర పుండు పడుతుంది, పుండు చీము పడుతుంది, చివరికి పాదం తీసేయాల్సి వస్తుంది.

ఉమాకాంత్ అన్నీ చెప్పాడు గాని, ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి, “తర్వాత జర కష్టమైతదట పప్పా” అన్నాడు. తీసేయడాన్ని కష్టం కింద మార్చి చెప్పే చదువు ఏ కాలేజీలో నేర్పారో మరి.

అతని పక్కనే నిలబడ్డ భార్య నవతకు మాత్రం హిందీ మాట హిందీలోనే అర్థమైంది. కాట్‌నా పడేగా, కోసేయాల్సి వస్తుంది అని డాక్టరమ్మ రెండుసార్లు అంది.

తర్వాత ఆమె ఇంకొకటి అడిగింది. ఈ పాదాన్ని ఎవరన్నా మాలిష్ చేశారా, గట్టిగా నొక్కడం గాని తొక్కడం గాని చేశారా అని. అలా చేస్తే లోపల ఇంకా విరుగుతుందని ఆమె అంటే ఉమాకాంత్ తెలుగులో చెప్పాడు, నలుగురూ విన్నారు. ఎల్లవ్వ ముక్కు కిందికి జారిన మాస్కును కళ్ళ దాకా లాక్కుంది. ఉమాకాంత్ ఫోను చూసుకున్నాడు. అంబదాస్ మాత్రం ఆమె వైపు నిర్లక్ష్యంగా చూసి, బయటికి వచ్చాక, ఈ పోరి పుట్టకముందు నేను సాంచ విప్పి బిగించిన అన్నాడు.

తొక్కింది నవతే.

ఆటో ఇంకోసారి హారన్ కొట్టేసరికి ఎల్లవ్వ వంటింట్లోకి వచ్చింది. నవత స్టవ్ ముందు నిలబడి ఉంది. తలకు పోసుకొమ్మని, ఏమీ తినకుండా రమ్మని అత్త చెప్పింది. మూడు ఆదివారాలు తొక్కితేనే గుణమట. ఒక్క ఆదివారానికే దవాఖానకు ఉరికినందుకు తనకు తానే సిగ్గుపడుతున్నట్టు మాట్లాడింది.

“నేను తొక్క అత్తమ్మా.”

“ఏందీ?”

“తొక్క. డాక్టరమ్మ చెప్పంగ మీరు గుడ ఇన్నరు.”

“డాక్టరమ్మకేమెర్క? దాని దేశంల ఎదురుకాళ్ళోళ్ళు ఉన్నరా?” అంది ఎల్లవ్వ. “దేవుడు ఇచ్చిన కాలు నీది. ఊరోళ్ళ నడుములన్ని తొక్కుతివి. మామ కాలు తొక్కమంటె మాత్రం బరువైందా?”

ఎదురుకాళ్ళ మాట మన వైపు వాళ్ళకు కొత్త కాదు. తల కాకుండా కాళ్ళు ముందు పెట్టి పుట్టినవాళ్ళు నడుము పట్టినచోట, బెణికినచోట కాలు పెట్టి తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం. సాంచాల దగ్గర పొద్దంతా నిలబడే జనానికి నడుములు పట్టుకోవడానికి కొదవలేదు. నవత కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆదివారం పొద్దున ఈ గుమ్మం ముందు నడుము చేత్తో పట్టుకున్నవాళ్ళు నిలబడుతూనే ఉన్నారు. లాక్‌డౌన్‌లో ఆగి, ఇప్పుడు మళ్ళీ మొదలైంది. వాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పిలిచి, చాప పరిచి, తూర్పు ముఖంగా పడుకోబెట్టేది ఎల్లవ్వ. కోడలు తొక్కి పక్కకు పోతుంది. పొగడ్తలు అత్త తీసుకుంటుంది. సగం నడుములు నాలుగు రోజులకు వాటంతట అవే సర్దుకునేవి. ఆ పుణ్యమంతా నవత అరికాలి ఖాతాలో పడేది. సర్దుకోనివాళ్ళు మళ్ళీ రారు గనక వాళ్ళ లెక్క ఎవరికీ తెలియదు.

సంబంధం కుదిరింది కూడా ఆ కాలి మీదే. సిరిసిల్లలో పెళ్ళిచూపులనాడు ఎల్లవ్వ చాయ్ తాగుతూ, మా ఆయనకు ఊకె నడుము పట్టుకుంటది వదినా, ఎదురుకాళ్ళ పిల్ల దొరికితె ఇంట్లనే వైద్యం అంది. అప్పటిదాకా అమ్మాయి రంగు గురించీ ఎత్తు గురించీ వంకలు పెడుతూ కూచున్న మనిషి ఆమె. నవత తల్లి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అయ్యో, మా పిల్ల ఎదురుకాళ్ళదే గదా వదినా అంది. వంకలన్నీ ఆగిపోయాయి. పెళ్ళిపీట మీద కూచునే ముందు కూతురి చెవిలో, అడిగితె కాళ్ళతోనే పుట్టిన అనాలె అని చెప్పి, జడలో పూలు సర్దింది.

నవత సర్కారు దవాఖానలో లోకంలో పిల్లలందరిలాగే తలతోనే పుట్టింది. ఆ సంగతి ఆమెకూ ఆమె తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే తనకు ఈ ఇంట్లో మిగిలేది ఏదీ లేదని ఆమెకు తెలుసు. ఎల్లవ్వ దగ్గర అబద్ధానికి క్షమ లేదు, తను ఆడినదానికి తప్ప.

అత్త బయటికి పోగానే ఉమాకాంత్ వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించి, ఒక్కసారి అట్ల కాలు పెట్టి తీసెయ్ యార్, మమ్మీ చుప్ అయితది, తర్వాత పప్పాను ఎట్లనన్న చేసి తీస్కపోత అన్నాడు. ఎట్లనన్న చేసి అనే మాట అతని నోట్లో వింటే నవతకు నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

“పోయిన ఆదివారం కాలు పెడితె కింద ఏం తగిలిందో నీకు తెల్వది” అంది. “అటుకుల సంచి తొక్కినట్టుండె. లోపల అన్ని నలిగినయి. నేను భయపడి తీసేస్తె, మీ అమ్మ నరం కూడిందనె. మీ నాయన నవ్వె. ఆయన నవ్వుడు చూసి నాకు ఇంక భయమైంది.”

ఉమాకాంత్ ముందుగది వైపు ఒకసారి తొంగి చూశాడు. తర్వాత అన్న మాట ఇది.

“అంటె... తొక్కింది నువ్వే కదా మరి.”

నవత అతని ముఖంలోకి చూసింది. రేపు పాదం తీసేయాల్సి వస్తే ఈ ఇంట్లో ఎవరి నోట ఏ మాట వస్తుందో ఇప్పుడే, ఇక్కడే, మొగుడి నోట వినేసింది. బాగుపడితే ఎల్లవ్వ తెచ్చుకున్న కోడలి కాలు గొప్పది. చెడిపోతే నవత తొక్కడం మంచిది కాదు. అతన్ని తిట్టబుద్ధి కూడా కాలేదు ఆమెకు. తిట్టడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి.

స్టవ్ ఆర్పేసి ముందుగదిలోకి వచ్చింది. గోడకు మేకు మీద జ్వరం చూసే మిషన్ వేలాడుతోంది. వారం వారం తుడిచి, పసుపురంగు గుడ్డ కప్పి ఉంచుతాడు అంబదాస్. నవత దాన్ని తీసి, ఆయన ఏమిటని అడిగేలోపలే ఎడమపాదానికి పెట్టి నొక్కింది. తర్వాత కుడిపాదానికి పెట్టి నొక్కింది. అంకెలు మామ కళ్ళ ముందు పెట్టింది. రెండింటికీ నడుమ తేడా రాజలింగానికి వచ్చిన తేడా కన్నా చాలా ఎక్కువ.

“గీ తేడా నొసట ఉంటె గేటు దాటనిస్తరా మామా?”

అంబదాస్ మిషన్ లాక్కొని ముందు గుడ్డతో తుడిచాడు. “నొసటికి పెట్టేదాన్ని కాలికి పెట్టినవ్. తలకాయ ఏడున్నదో కాళ్ళు ఏడున్నయో తెల్వదా నీకు?” అన్నాడు. తర్వాత, కాలు వేడిగా ఉండటం రక్తం మంచిగా తిరుగుతోందనడానికి గుర్తు అని వివరించాడు. చల్లబడేది పీనుగు కాళ్ళట. ఎల్లవ్వ నోరు కొంగుతో మూసుకొని నవ్వింది. తండ్రి జోకు వేశాడు గనక ఉమాకాంత్ కూడా కొంచెం నవ్వాడు.

నవత ఇంకేమీ మాట్లాడకుండా స్నానాల గదిలోకి పోయింది. లోపల నీళ్ళ చప్పుడు వినబడగానే ఎల్లవ్వ మొగుడి వైపు చూసి కళ్ళెగరేసింది. చూసినవా, దారికొచ్చింది అన్నట్టు.

చాప పరిచారు. ఈలోపు చిన్నవ్వ వచ్చింది. రెండిళ్ళ అవతల ఉంటుంది, ఎల్లవ్వ ఈడుది. నడుము పట్టి వంగలేకపోతున్నానంటూ, ఒక చెయ్యి నడుము మీద వేసుకొని, మాస్కు గదుమ కిందికి దించుకొని వచ్చి గుమ్మం బయట నిలబడింది. మొదట మా ఆయనది, తర్వాత నీది, జర ఆగు వదినా అంది ఎల్లవ్వ. చిన్నవ్వకు తొందరేమీ లేదు. ఆమె ఒక ఇంటి గుమ్మంలో నిలబడితే ఆ ఇంటి సంగతి పొద్దుగూకేలోపల పక్కపేట వడోద్ దాకా పోతుంది. నడుము పట్టినా నోరు పట్టలేదు.

అంబదాస్ మంచం మీంచి చాప మీదికి దిగాడు. దిగేటప్పుడు కుడికాలు మీదే బరువంతా మోపాడు. గదిలో ఉన్నవాళ్ళు చూడాలనే మోపాడు. తూర్పు ముఖంగా వెల్లకిలా పడుకొని, కాలు చాపి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకొని కులదేవుణ్ణి తలచుకోవాలి, తొక్కడం అయ్యేదాకా తెరవకూడదు. అది ఎల్లవ్వ పెట్టిన నియమం. మార్కండేయ, మార్కండేయ అని ఆయన పెదాలు కదులుతున్నాయి.

నవత తడిజుట్టు ముడివేసుకొని వచ్చి చాప అంచున నిలబడింది. వాచిన ఆ పాదాన్ని చూసింది. కాలు ఎత్తింది. ఎత్తిన కాలును వెనక్కి తీసుకొని నేల మీద పెట్టింది. ఇంకొక అడుగు వెనక్కి వేసింది, ఇంకొకటి, వీపుకు గోడ తగిలేదాకా.

ఎల్లవ్వ నోరు తెరిచింది. నవత చూపుడువేలు తన పెదాల మీద పెట్టుకొని అత్త వైపు చూసింది. ఆ చూపు ఎల్లవ్వకు కొత్త. ఆమె నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గుమ్మంలో చిన్నవ్వ మెడ ముందుకు చాచింది.

“ఆఁ” అన్నాడు అంబదాస్ కళ్ళు మూసుకొనే. “గక్కడనే.”

ఎవరూ కదలలేదు.

“జర బరువెయ్యి బిడ్డా. ఆఁ, గట్ల. మడిమ దిక్కు రా. గదీ, నరం మీదికొచ్చినవ్. చూసినవా ఎల్లా, గుంజినట్టు తెలుస్తున్నది. డాక్టరమ్మ నరాలు సచ్చినయన్నది గద, ఈడికి తోలుకరా దాన్ని, చూపిస్త.”

గోడకు ఆనుకొని నిలబడ్డ కోడలి పాదాలు రెండూ నేల మీదే ఉన్నాయి. ఉమాకాంత్ తండ్రి ముఖం వైపు చూశాడు, తర్వాత తండ్రి పాదం వైపు చూశాడు. ఆ పాదం మీద ఒక ఈగ వాలి నడుస్తోంది. బుడిపె ఎక్కి, దిగి, వేళ్ళ సందున ఆగింది. అంబదాస్ మాత్రం కోడలి బరువు గురించే చెబుతున్నాడు. ఆయన గొంతులో హాయి వినబడుతోంది. కల్లు తాగినవాడు కూడా లేనిదాన్ని ఇంత నమ్మకంగా చెప్పడు.

“చాలు బిడ్డా, దిగు” అని కళ్ళు తెరిచాడు.

కోడలు అల్లంత దూరాన గోడ దగ్గర కనబడింది. ఆయన తల ఎత్తి ఆమె కాళ్ళ వైపు చూశాడు. చాప వైపు చూశాడు.

“ఎప్పుడు దిగినవ్?”

“నేను ఎక్కనే లేదు మామా.”

ఆయన భార్య వైపు చూశాడు. ఎల్లవ్వ కొంగు సర్దుకుంది. కొడుకు వైపు చూశాడు. ఉమాకాంత్ తల దించుకొని, లేదు పప్పా అన్నాడు. ఆ ఒక్క మాటకు అతని నుదుట చెమట పట్టింది.

అంబదాస్ లేచి కూచున్నాడు. రెండు చేతులతో కుడిపాదాన్ని పట్టుకొని దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో బుడిపె మీద నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఆ వేలికి పాదం తెలుస్తోంది, పాదానికి వేలు తెలియడం లేదు. ఆయన ముఖంలో రంగు పోయింది. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆ మనిషి భయపడ్డాడు. నవత ఎదురుచూసింది ఆ భయం కోసమే. ఇంకొక్క నిమిషం ఆ ముఖం అలాగే ఉంటే చాలు, బయట ఆటో ఉంది, ఎక్కించేయవచ్చు. ఆమె ఉమాకాంత్ వైపు చూసి కళ్ళతోనే, పట్టు అంది. అతను నిజంగానే ఒక అడుగు ముందుకు వేశాడు.

ఎల్లవ్వ ఆ నిమిషం దాకా ఊరుకోలేదు.

“ఇంకేంది మరి” అంది నెమ్మదిగా. “తాకకుండనే తగిలింది. మీదికి ఎక్కకముందే ఆయన పాణానికి బరువు తెలిసింది. ఎదురుకాలు మహిమంటె గదీ. మా అవ్వ చెప్పేది, అసలైన కాలైతె నీడ పడ్డా చాలని. నేను ఇన్నేండ్లు నమ్మకపోతి.”

గుమ్మంలోంచి చిన్నవ్వ, అవ్ అవ్, మా మేనత్త గుడ గట్లనే చెప్పేది అంది.

ఎంత గొప్ప తెలివి చూడండి. పాదం చచ్చిందని కళ్ళారా చూసి, ఆ చూసినదాన్నే మహిమ కింద మార్చేసింది. అంబదాస్ ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. మునిగేవాడు గడ్డిపరకను పట్టుకుంటాడంటారు గాని, ఈయన దాన్ని పట్టుకొని అప్పుడే ఒడ్డెక్కినట్టు కూచున్నాడు. భార్య వైపు మెచ్చుకోలుగా చూసి, “నేననలే?” అన్నాడు. ముందుకు వేసిన అడుగును ఉమాకాంత్ వెనక్కి తీసుకున్నాడు.

“బూట్లు తే. క్యాంపు షురూ అయి ఉంటది. ఆ ఆటోవోణ్ణి హాలు దాక రమ్మను.”

ఎల్లవ్వే మంచం కిందికి వంగి బూట్లు తీసింది. ఎడమది తొడిగాడు. కుడిది తీసుకొని, లేసులన్నీ వదులు చేసి, వాచిన పాదాన్ని అందులోకి కుక్కడం మొదలుపెట్టాడు. అది పట్టడం లేదు. ఎల్లవ్వ మడమ వెనక వేలు పెట్టి లోపలికి తోసింది. మొగుడూ పెళ్ళామూ కలిసి ఒక పని ఇంత ఐకమత్యంగా చేయడం నవత ఎప్పుడూ చూడలేదు. లోపల ఏదో కదిలిన చప్పుడు సన్నగా వినబడింది. ఆయన ముఖం మీద చిన్న ముడత కూడా పడలేదు.

నవతకు తల్లి గుర్తొచ్చింది. జడలో పూలు సర్దిన చెయ్యి గుర్తొచ్చింది. ఈ మూర్ఖుల కోసం తన బతుకు ఎందుకు పాడుచేసుకోవాలని ఒక్కసారి అనిపించింది. నోరు మూసుకొని ఉంటే ఇవాళ్టికి తనది మహిమగల కాలు. కానీ ఆ పాదం పోయేది ఆ కాలి పేరు మీదే. వాళ్ళు మళ్ళీ వచ్చే ఆదివారం కూడా చాప పరుస్తారు.

“ఆ బూటు ఇడువున్రి మామా” అంది. “మహిమ లేదు, ఏం లేదు. నేను ఎదురుకాళ్ళతోని పుట్టలే.”

ఎల్లవ్వ చెయ్యి మడమ దగ్గరే ఆగింది.

“తలతోనే పుట్టిన. మా అమ్మ మీకు అబద్ధం చెప్పింది. ఇన్నేండ్ల సంది నేను గుడ అబద్ధమే తొక్కిన.”

గల్లీ మొదట్లో ఆటో హారన్ మోగుతూనే ఉంది. అంబదాస్ పాదం సగం బూటులో, సగం బయట ఉంది. దాన్ని లోపలికి తోయాలో బయటికి తీయాలో తెలియక, ఆయన లేసు పట్టుకొని భార్య వైపు చూశాడు. ఉమాకాంత్ తల్లి వైపే చూశాడు.

ఎల్లవ్వ మొగుణ్ణి గాని, కోడల్ని గాని చూడలేదు. గుమ్మం వైపు చూసింది. అక్కడ చిన్నవ్వ నడుము మీది చెయ్యి తీసేసి, నిటారుగా నిలబడి వింటోంది.